గొర్రె గుండె చెప్పిన లెక్క

శరీరాన్ని చదివినవాళ్లు: 6వ భాగం

1628లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక పల్చటి లాటిన్ పుస్తకం అచ్చయింది. మొత్తం 72 పేజీలు. అచ్చుతప్పులకు లెక్కలేదు. రాసినవాడు లండన్‌లో, అచ్చువేసిన విలియం ఫిట్జర్ జర్మనీలో. మధ్యలో సముద్రం, దానికి తోడు యూరప్‌ను తగలబెడుతున్న ముప్పై ఏళ్ల యుద్ధం. ప్రూఫులు సరిగా దిద్దే వీలెక్కడిది? ఆ రచయిత విలియం హార్వీ. అప్పటికి యాభయ్యేళ్లవాడు, ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కు వైద్యుడు. జంతువుల్లో గుండె ఎలా కదులుతుంది, రక్తం ఎలా కదులుతుంది అన్నది పుస్తకం విషయం. మన ఒంట్లో రక్తం గుండ్రంగా తిరుగుతోందని లోకానికి మొదటిసారి రుజువులతో చెప్పింది ఈ పుస్తకమే. ఆ రుజువుల్లో ఎక్కువ పాళ్లు మనిషి శవాన్ని కోస్తే దొరికినవి కావు. గొర్రె, పాము, చేప, రొయ్య, పావురం ఇచ్చిన సాక్ష్యాలవి. మిగిలిపోయిన ఒక్క ఖాళీని ఆ తర్వాత కప్ప పూరించింది.

పోయిన భాగంలో గేలన్ దగ్గర ఆగాం. పెర్గమన్‌లో గ్లాడియేటర్ల గాయాలకు కట్లు కట్టి, తర్వాత రోములో చక్రవర్తులకు వైద్యం చేసిన ఈ రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడి మాట దాదాపు 1,400 ఏళ్లు చెల్లుబాటయింది. ఆయన ప్రకారం రక్తం పుట్టేది కాలేయంలో. తిన్న ఆహారం పేగుల నుంచి కాలేయానికి చేరి రక్తమవుతుంది. సిరల దారిన ఒళ్లంతా పారి, కాలువ నీరు చేలో ఇంకినట్టు అవయవాల్లో ఇంకిపోతుంది. తిరిగి వెనక్కి రావడమన్నది లేదు. రేపటికి కావలసిన రక్తం రేపటి తిండితో తయారవుతుంది. కొద్దిపాటి రక్తం మాత్రం గుండె కుడి గది నుంచి ఎడమ గదికి, నడిమి గోడలో ఉన్న కంటికి కనబడని రంధ్రాల గుండా ఊరుతుంది. అక్కడ ఊపిరితిత్తుల నుంచి వచ్చిన గాలితో కలిసి, జీవశక్తిని నింపుకొని ధమనుల్లోకి పోతుంది.

దీన్ని మూఢనమ్మకమని తీసిపారేస్తే గేలన్‌కు అన్యాయం చేసినట్టే. ఆయన స్వయంగా ప్రయోగాలు చేసినవాడు. ధమనుల్లో ఉండేది గాలేనని పాతకాలపు గ్రీకు వైద్యుడు ఎరసిస్ట్రాటస్ అనుయాయులు వాదిస్తుంటే, బతికున్న జంతువు ధమనిని రెండుచోట్ల బిగించి కట్టి, నడుమ కోసి, లోపల రక్తమే ఉందని చూపించాడు. సిరల్లో రక్తం నల్లబారిన ఎరుపు, ధమనుల్లో నిగనిగలాడే ఎరుపు. ఆ రెంటినీ పక్కపక్కన చూసినవాడికి ఇవి రెండు వేర్వేరు రక్తాలని, రెండు వేర్వేరు ఏర్పాట్లని తోచడం సహజం. తింటేనే ఒంట్లో రక్తం పడుతుందని మన ఇళ్లలో ఇప్పటికీ పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. గేలన్ సిద్ధాంతం అంతకాలం నిలబడిందంటే రోజూ కళ్లకు కనబడేదానితో అది చాలావరకు సరిపోయింది గనుకనే.

సరిపోనిది ఆ నడిమి గోడ. దాన్ని మొదట కాదన్నవాడు డమాస్కస్‌లో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్. అవిసెన్నా వైద్య గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి 1242లో వ్యాఖ్యానం రాస్తూ, గుండె నడుమ ఉన్న గోడ దట్టమైనదని, దానిలో కనబడే రంధ్రాలూ లేవు, కనబడని రంధ్రాలూ లేవని తేల్చి చెప్పాడు. కుడి గది నుంచి రక్తం ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, ఎడమ గదికి వస్తుందన్నాడు. ఆ రాతప్రతి మాట మరుగున పడిపోయింది. 1924లో అల్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు జర్మనీలో పరిశోధన చేస్తూ బెర్లిన్ గ్రంథాలయంలో దాన్ని గుర్తించేదాకా ఆధునిక చరిత్రకారులు ఆ ఘనతను ఇతరులకే కట్టబెట్టారు. పదమూడో శతాబ్దంలో కైరోలో ఒక వైద్యుడు సరిగ్గా చెప్పిన మాట వినబడటానికి ఇంతకాలం పట్టిందంటే మనసు కలుక్కుమంటుంది.

యూరప్‌లో ఇదే మాట రాసిన మైకేల్ సెర్వెటస్‌ను 1553లో జెనీవాలో సజీవంగా తగలబెట్టారు. ఆ శిక్ష రక్తం గురించి రాసినందుకు పడింది కాదు, క్రైస్తవ త్రిత్వాన్ని కాదన్నందుకు. కానీ రక్తం గురించి ఆయన రాసిన పేజీలు ఆ మతగ్రంథంలోనే ఉన్నాయి. పుస్తకం కూడా మంటల్లో పోయింది, మూడు ప్రతులు మాత్రం మిగిలాయి. 1559లో వెలువడిన రెయాల్డో కొలంబో పుస్తకం కూడా ఊపిరితిత్తుల దారిని స్పష్టంగా చెప్పింది. అయితే వీళ్లెవరూ ఒళ్లంతా తిరిగే చక్రాన్ని ఊహించలేదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి గుండెకు, ఇంతవరకే వాళ్లు చెప్పింది. ఆ పైన అంతా గేలన్ చెప్పినట్టే.

హార్వీ 1578లో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్ అనే సముద్రతీర పట్టణంలో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లో చదివి, వైద్యం నేర్చుకోవడానికి ఇటలీలోని పాడువా వెళ్లాడు. గెలీలియో అదే విశ్వవిద్యాలయంలో గణితం చెబుతున్న రోజులవి. పాడువాలో శవచ్ఛేదనం చూపించడానికి కట్టిన చెక్క మందిరం ఇప్పటికీ ఉంది. కోడిగుడ్డు ఆకారంలో, ఒకదాని మీద ఒకటిగా ఆరు వరుసలు. విద్యార్థులు ఆ ఇరుకు వరుసల్లో నిలబడి, కింద బల్ల మీద గురువు కోసి చూపేదాన్ని వంగి చూసేవాళ్లు. ఆ గురువు ఫాబ్రిషియస్. సిరల లోపల పల్చటి తలుపుల్లాంటి కవాటాలు ఉన్నాయని చూపించి, 1603లో వాటి మీద బొమ్మలతో పుస్తకం వేసింది ఆయనే. కానీ అవి ఎందుకున్నాయన్న ప్రశ్నకు గేలన్ చట్రంలోనే జవాబు వెతుక్కున్నాడు. రక్తమంతా చేతుల్లోకి, కాళ్లలోకి ఒక్కసారిగా దిగిపోకుండా వేగం తగ్గించే ఏర్పాటు అనుకున్నాడు. రక్తం బయటివైపు పారుతుందన్నది ముందే ఖాయమైపోయింది కాబట్టి, ఆ కవాటాలన్నీ గుండె వైపే తెరుచుకుంటున్నాయన్న సంగతి కళ్లెదుట ఉన్నా ఆయన దాని అర్థం పట్టించుకోలేదు. ముసలితనంలో హార్వీని శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బాయిల్ కలిసి, రక్తం తిరుగుతుందన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, ఈ కవాటాలను చూశాకేనని చెప్పాడట.

1602లో పట్టా తీసుకొని లండన్ తిరిగొచ్చాక హార్వీ చేసిన పని ఓర్పుతో కూడినది. గుండెను చూడటం. బతికున్న కుక్క గుండెనో పంది గుండెనో చూస్తే ఏది ముందు కదిలిందో, ఏది వెనక కదిలిందో తెలియదు. అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. గుండె కదలిక దేవుడికే తెలియాలన్నంత నిరాశ కలిగిందని ఆయనే రాసుకున్నాడు. దారి చూపించినవి చల్లటి నెత్తురు ప్రాణులు. కప్ప, పాము, చేప, నత్త గుండెలు నిదానంగా కొట్టుకుంటాయి. వేడి నెత్తురు జంతువుల గుండె కూడా ప్రాణం పోయే వేళకు నెమ్మదిస్తుంది. అప్పుడు ఒక్కొక్క కదలికా విడివిడిగా కనబడింది. పైనున్న కర్ణికలు ముందు ముడుచుకుంటాయి, వాటి వెంటనే కింది జఠరికలు. ముడుచుకున్నప్పుడు గుండె పాలిపోతుంది, గట్టిపడుతుంది, లోపలి రక్తాన్ని బయటికి నెడుతుంది. అప్పటిదాకా వైద్యులు గుండె విచ్చుకుంటూ రక్తాన్ని లోపలికి పీల్చడమే దాని అసలు పని అనుకునేవారు. అసలు పని బిగుసుకోవడమేనని, మణికట్టు దగ్గర నాడి కొట్టేది సరిగ్గా ఆ క్షణంలోనేనని హార్వీ పట్టుకున్నాడు.

థేమ్స్ నదిలో దొరికే ఒక చిన్న రొయ్య ఒళ్లు అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. దాన్ని నీళ్లలో ఉంచి, లోపల గుండె కొట్టుకోవడం స్నేహితులకు చూపించేవాడు. ఒకసారి పావురం గుండె పూర్తిగా ఆగిపోయాక, ఉమ్మితో తడిపిన వెచ్చటి వేలు దాని మీద కొద్దిసేపు ఉంచాడు. గుండె మళ్లీ కదలడం మొదలుపెట్టింది. బతికున్న పామును కోసి, గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను పట్టుకారుతో నొక్కితే గుండె ఖాళీ అయి పాలిపోయింది. ఆ పట్టు వదిలేసి గుండె నుంచి బయటికి పోయే ధమనిని నొక్కితే గుండె పొంగి, కమిలిపోయి, పగిలిపోతుందేమో అన్నట్టయింది. రక్తం ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపుకు పోతోందో దీనికి మించి చూపించడం కష్టం. మత్తు ఇవ్వడమన్నదే తెలియని కాలం అది. ఆ ప్రాణులు పడ్డ యాతన తలచుకోకుండా ఈ పుస్తకం చదవడం నాకు సాధ్యపడదు. మన గుండె గురించి మనకు తెలిసిన మొదటి నిజాల వెనక ఆ యాతన ఉంది.

చేపల దగ్గర హార్వీ ఇంకో మెట్టు ఎక్కాడు. చేపకు ఊపిరితిత్తులు లేవు, గుండెలో జఠరిక ఒక్కటే. సిరల నుంచి వచ్చిన రక్తాన్ని అది ధమనిలోకి నెట్టడం కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. పుట్టబోయే బిడ్డలోనూ అంతే. గర్భంలో ఊపిరితిత్తులు ఇంకా పని మొదలుపెట్టవు కాబట్టి, రక్తం వాటిని తప్పించుకుపోయే అడ్డదారులు గుండెలోనూ, గుండె పక్కనా ఉంటాయి. పుట్టాక అవి మూసుకుపోతాయి. ఊపిరితిత్తులు అడ్డం వచ్చిన చోటే పాత పండితులు దారి తప్పారని హార్వీ తేల్చాడు. ఒకే ఒక్క జంతువును, అదీ మనిషిని, అదీ చచ్చాక కోసి, జీవలోకం మొత్తం గురించి తీర్పు చెప్పడమే వాళ్ల తప్పన్నాడు. నా మటుకు నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా గొప్ప మాట ఇదే.

అయినా ఇదంతా గుండె సంగతి. రక్తం చుట్టూ తిరిగి వస్తోందని చెప్పడానికి ఇది చాలదు. అక్కడ హార్వీ చేసింది వైద్యశాస్త్రంలో అంతకుముందు ఎవరూ ఇంత సూటిగా చేయని పని. లెక్క కట్టాడు.

శవంలో ఎడమ జఠరికను కొలిస్తే రెండు ఔన్సులకు పైగా రక్తం పట్టింది. ఒక్కో దెబ్బకు అదంతా బయటికి పోతుందని ఆయన అనలేదు. ఎదుటివాళ్లు కాదనడానికి వీల్లేకుండా, నాలుగో వంతో, ఎనిమిదో వంతో పోతుందనుకుందాం అన్నాడు. అర ఔన్సు అనుకోండి, ఇంకా తక్కువ కావాలంటే ఒక్క డ్రాము, అంటే ఔన్సులో ఎనిమిదో వంతు అనుకోండి. గుండె అరగంటలో కనీసం వెయ్యిసార్లు కొట్టుకుంటుంది, కొందరిలో రెండు, మూడు, నాలుగు వేలసార్లు. అర ఔన్సు చొప్పున వెయ్యి దెబ్బలకు 500 ఔన్సులు. ఇప్పటి కొలతల్లో దాదాపు పదిహేనున్నర కిలోలు, అదీ అరగంటలో. మనిషి ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా ఐదు లీటర్ల చిల్లర.

గొర్రె విషయంలో ఆయన ఊహ మీద ఆధారపడలేదు. దాని ఒంట్లో మొత్తం రక్తం నాలుగు పౌన్లకు మించదని స్వయంగా కొలిచాడు. ఒక్కో దెబ్బకు ఒక్క స్క్రూపుల్, అంటే గ్రాము పైచిలుకు మాత్రమే బయటికి పోతుందనుకున్నా, అరగంటలో మూడున్నర పౌన్లు ధమనుల్లోకి చేరాలి. అంటే ఇంచుమించు గొర్రె ఒంట్లోని రక్తమంతా. ఏ గొర్రె అరగంటలో అంత గడ్డి తిని, అరిగించుకొని, అంత రక్తం తయారుచేయగలదు? తయారుచేసినా ఆ రక్తమంతా ఒంట్లో ఎక్కడికి పోతోంది? ధమనులు పగిలిపోవాలి, సిరలు ఎండిపోవాలి. అలా జరగడం లేదు. కాబట్టి ధమనుల్లోకి పోయినదే సిరల దారిన వెనక్కి రావాలి. ఇంకో మార్గం లేదు.

ఈ లెక్క నిజానికి చాలా తక్కువ. విశ్రాంతిగా కూర్చున్న వయసొచ్చిన మనిషి గుండె ఒక్కో దెబ్బకు దాదాపు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి సుమారు ఐదు లీటర్లు పంపుతుందని ఇప్పుడు మనకు తెలుసు. అరగంటకు 150 లీటర్లు, అంటే హార్వీ చెప్పినదానికి దాదాపు పదింతలు. ఆయనకు ఆ తేడాతో పని లేదు. ప్రతి అంకెనూ ఎదుటివాడికి అనుకూలంగా కుదించి, అప్పటికీ గేలన్ సిద్ధాంతం నిలబడదని చూపించడమే ఆయన వాదనలోని బలం.

దిక్కు ఏదన్నది చేతి మీదే చూపించాడు. నెత్తురు తీసే వైద్యులు శతాబ్దాలుగా జబ్బకు కట్టు కట్టేవాళ్లు. ఆ కట్టులోనే జవాబుందని హార్వీ గమనించాడు. బాగా బిగిస్తే మణికట్టు దగ్గర నాడి ఆగిపోతుంది, చెయ్యి పాలిపోయి చల్లబడుతుంది. కొంచెం వదులు చేస్తే లోతుగా ఉన్న ధమని తెరుచుకొని రక్తం చేతిలోకి వస్తుంది. పైపైన ఉన్న సిరలు మాత్రం నొక్కుకునే ఉంటాయి. చెయ్యి ఎర్రబడి, సిరలు ఉబ్బి, అక్కడక్కడ ముడులు తేలతాయి. ఆ ముడులే కవాటాలు. ఒక ముడికి కింద సిర మీద ఒక వేలు నొక్కి పెట్టి, ఇంకో వేలితో రక్తాన్ని ఆ ముడి దాటేదాకా పైకి తోసి, ఆ రెండో వేలు తీసేయండి. పైనుంచి రక్తం వెనక్కి దిగదు, సిర ఖాళీగా చదునుగా ఉండిపోతుంది. మొదటి వేలు కూడా తీస్తే కింది నుంచి చటుక్కున నిండుతుంది. పుస్తకంలో ఉన్న బొమ్మలు ఇవే. సిరలు తేలి కనిపించే చెయ్యి ఉన్న ఎవరైనా ఈ పరీక్ష చేసి చూసుకోవచ్చు.

తొమ్మిదేళ్లకు పైగా వైద్యుల కళాశాలలో తోటివారి ముందు ఇవి చూపించాకే హార్వీ పుస్తకం అచ్చుకిచ్చాడు. అప్పటికీ లోకమంతా శత్రువవుతుందేమోనన్న భయాన్ని దాచుకోలేదు. భయపడినంతా కాకపోయినా కొంత జరిగింది. ఈయనకు మతి చలించిందని జనం అనుకున్నారని, పుస్తకం వచ్చాక రోగులు తగ్గిపోయారని ఆయన్ని ఎరిగిన జాన్ ఆబ్రీ రాశాడు. పారిస్‌లో ఝాన్ రియోలాన్ అనే పేరున్న శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు గేలన్ వైపు నిలబడ్డాడు. చాలాకాలం పట్టుబట్టి, చివరికి రక్తం పెద్ద నాళాల్లో మాత్రం, నిదానంగా తిరుగుతుందని సగం ఒప్పుకున్నాడు. హార్వీ విమర్శకుల జోలికి పోయినవాడు కాదు గానీ, 1649లో రియోలాన్‌కు మాత్రం రెండు వ్యాసాలతో జవాబిచ్చాడు.

ఈలోగా ఇంగ్లండ్‌లో రాజుకు, పార్లమెంటుకు యుద్ధం వచ్చింది. 1642లో ఎడ్జ్‌హిల్ పోరు రోజున యువరాజులిద్దరినీ హార్వీకి అప్పగించారు. ఆయన ఒక కంచె నీడన కూర్చొని పుస్తకం తీసి చదువుకుంటుంటే పక్కనే ఫిరంగి గుండు పడిందని ఆబ్రీ చెబుతాడు. లండన్‌లో ఆయన నివాసాన్ని సైనికులు దోచుకున్నారు. ఏళ్ల తరబడి పురుగుల పుట్టుక మీద రాసుకున్న కాగితాలు అందులో పోయాయి. వాటికోసం జీవితాంతం బాధపడ్డాడు.

ఆ అల్లకల్లోలానికి కాస్త ముందో వెనకో హార్వీకి మరెవరికీ దొరకని అవకాశం దొరికింది. ఐర్లండ్ ప్రభువు మాంట్‌గోమరీ కొడుకు ఒకడు చిన్నతనంలో పడి, ఎడమవైపు పక్కటెముకలు విరిగి, చీము పట్టి, రొమ్ములో పెద్ద గుంతతో బతికి బయటపడ్డాడు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల వయసులో లండన్ వచ్చేనాటికి ఆరోగ్యంగా తిరుగుతున్నాడు. గుంత మీద రేకు కప్పుకునేవాడు. రాజు పంపితే హార్వీ వెళ్లి చూశాడు. మూడు వేళ్లు, బొటనవేలు గుంతలో పెట్టి, లోపల కొట్టుకుంటున్నదాన్ని పట్టుకున్నాడు. రెండో చెయ్యి కుర్రవాడి మణికట్టు మీద. లోపలిది బిగుసుకొని ముందుకు పొడిచిన క్షణంలోనే నాడి కొట్టింది. అది గుండేనని తేలిపోయింది. కుర్రవాణ్ణి రాజు దగ్గరికి తీసుకెళ్తే ఆయనా వేలు పెట్టి తాకాడు. కళ్లు మూసుకుని ఉంటే, చుట్టూ ఉన్న చర్మానికి తగలనంతవరకూ, తన గుండెను ఎవరో తాకుతున్నారని ఆ కుర్రవాడికి తెలియనే తెలియలేదు. పాముల్లో, కప్పల్లో చూసి రాసిన సంగతి బతికున్న మనిషిలో, నొప్పి లేకుండా, అక్షరాలా నిజమైంది. 1651లో వచ్చిన తన చివరి పెద్ద పుస్తకంలో హార్వీ ఈ సంగతి వివరంగా రాశాడు.

కానీ వాదనలో ఒక ఖాళీ మిగిలింది. ధమని చివర నుంచి సిర మొదటికి రక్తం ఎలా దాటుతోంది? కాలేయాన్ని, ఊపిరితిత్తులను ఉడకబెట్టి పీచు పీచుగా విప్పి చూసినా కలిసే చోటు దొరకలేదు. కండలోని సూక్ష్మ రంధ్రాల గుండా పోతుందని రాసి ఊరుకున్నాడు. గేలన్ కనబడని రంధ్రాలను కాదన్న మనిషి తానూ కనబడని రంధ్రాలనే ఆశ్రయించాడని ప్రత్యర్థులు అనడానికి సందు దొరికింది. రెండూ ఒకటేనా? కావనే నేను అంటాను. గేలన్ రంధ్రాలు సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి కల్పించినవి, వాటిని వెతికిన చోట దట్టమైన గోడ ఉంది. హార్వీ దారి అంకెలు తప్పనిసరి చేసినది. ఏదో ఒక రూపంలో అది ఉండి తీరాలి.

అది కనబడటానికి సూక్ష్మదర్శిని కావలసివచ్చింది, దానితోపాటు సరైన జంతువు కూడా. హార్వీ పుస్తకం వచ్చిన 1628లోనే ఇటలీలో పుట్టిన మార్చెల్లో మాల్పీగీ మొదట గొర్రె వంటి పెద్ద జంతువుల ఊపిరితిత్తులతో కుస్తీ పట్టాడు. ఏమీ తేలలేదు. కప్ప ఊపిరితిత్తి మాత్రం పల్చటి సంచి, వెలుగు దాని గుండా పోతుంది. బతికున్న కప్పలో రక్తం కొమ్మలు కొమ్మలుగా చీలిపోతూ పరుగెత్తడం చూశాడు. ఎండబెట్టిన ఊపిరితిత్తిలో ధమని కొసను, సిర కొసను కలుపుతున్న సన్నటి నాళాల వల చూశాడు. రక్తం కండలోకి చిందిపోవడం లేదు, మొదటి నుంచి చివరిదాకా గొట్టాల్లోనే ఉంది. మనం కేశనాళికలు అంటున్నవి అవే. వాటిలో కొన్ని ఎంత సన్నమంటే ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటిగా, వంగి దూరవలసిందే. 1661లో పీసాలో ఉన్న స్నేహితుడు బొరెల్లీకి రాసిన రెండు లేఖల్లో ఈ సంగతి ప్రకటించాడు.

హార్వీ 1657 జూన్‌లో పోయాడు. రియోలాన్ అదే ఏడాది ఫిబ్రవరిలో పోయాడు. కప్ప ఊపిరితిత్తి ఇచ్చిన సాక్ష్యం ఆ ఇద్దరికీ నాలుగేళ్లు ఆలస్యమైంది. రక్తం తిరుగుతుందని ఒప్పుకున్న కొత్త తరానికి మాత్రం వెంటనే ఇంకో ఆలోచన పుట్టింది. తిరిగేదైతే, ఒకరి నాళంలోంచి ఇంకొకరి నాళంలోకి దాన్ని మళ్లించవచ్చు కదా? ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ లోయర్ ఒక కుక్క రక్తాన్ని ఇంకో కుక్కకు ఎక్కించాడు. 1667లో పారిస్‌లో ఝాన్ బాతిస్త్ దెనీ అనే వైద్యుడు పదిహేనేళ్ల కుర్రవాడికి గొర్రెపిల్ల రక్తం ఎక్కించాడు. ఆ ప్రయోగాలు, వాటి మీద నడిచిన కోర్టు కేసు వచ్చే భాగంలో.

(సశేషం)